అతుకు గరిటె

కింద కూచోకూడదంటే మరి యాడ కూచోవాల సార్? కుర్చీలోనా? కుర్చీలో కూచోని గరిటె చెక్కేవాళ్లని మీరు యాడన్నా చూసుంటే చెప్పండి, పోయి నేర్చుకోనొస్తా.

నవ్వబాకండి. ఉదయగిరిలో అమీనాబీ అని ఎవర్నడిగినా చెప్తారు. కొండ మీంచి తెచ్చిన కర్రతో గరిటెలు, చెంచాలు చేసే ఇల్లు మాది. నేల మీద చతికిలబడి, ఎడమ కాలి బొటనవేలి కింద చెక్కని నొక్కి పట్టుకోని ఆకురాయి ఆడించాల. సరిగ్గా ఆ కాలికే వచ్చింది చూడండి. ముందు రొమ్ము తీసేసినప్పుడు నేను పని మానలేదు. చెంచా చేసేదానికి రొమ్ముతో ఏం పని?

ఆ, కదలనులే, పడుకోనే చెప్తా. క్యాన్సరు తొడెముకలోకి దిగిందని, ఇంకా విరగలేదు గానీ నేడో రేపో విరుగుతుందని ఎక్స్‌రే చూపించి మీరే చెప్పినారు గదా. అందుకే మా ఆయన నా కాలు దిండు మీద పెట్టించి, ఆత్మకూరు దాకా కారులో తెచ్చినాడు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్ని తిట్టినాడు. గుంతలు తవ్వింది అతనా పాపం?

ఆయన టీకి పోయినాడు. వచ్చేలోపల ఒక మాట చెప్పుకుంటా.

మీరు రెండు దారులు చెప్పినారు. ఎముక లోపల పొడుగ్గా రాడ్డు దించేది ఒకటి. పైన పుచ్చిన ముక్కంతా కోసేసి, కాడతో ఇనప గుండు పెట్టేది ఇంకొకటి. గుండయితే చాన్నాళ్లు ఉంటాది గానీ జన్మలో నేల మీద కూచోకూడదు, కూచుంటే జారిపోద్ది. రాడ్డయితే నొప్పి తగ్గినాక మెల్లిగా కింద కూచోవచ్చు, కాకపోతే ఎక్కువ కాలం ఆగదు. అంతేగదా? అర్థమైందిలెండి. మాది కూడా కోసే పనే.

మా ఆయనకి గుండే కావాల. ఆయన లెక్క వేరే. మా మామ కాలం నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండాది. చెక్కేటప్పుడు గరిటె కాడ చిట్లిందనుకోండి, లోపల సన్న వెదురు పుల్ల దించి అతికిస్తాం. పైకి తెలీదు. అయినా అది అంగడికి పోకూడదు. అతుకేసింది అమ్మితే బరకత్ పోద్ది, ఇంటికి కలిసిరాదు అనేవాడు మామ. రాడ్డంటే మా ఆయన కంటికి ఆ వెదురు పుల్లే. నా పెళ్లానికి అతుకేస్తారా, కొత్తది పెట్టండి అని మీ మీదికొచ్చింది అందుకే. ఏమనుకోబాకండి.

ఆ అతుకు గరిటెలు ఏమైతాయో మాత్రం మర్చిపోయినాడు. పారెయ్యం సార్. మా వంటింట్లో ఉండేవన్నీ అవే. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి కూర తిప్పిందీ, అన్నం పెట్టిందీ వాటితోనే. మంచివన్నీ ఊళ్లు పట్టుకోని పోయినాయి. అతుకేసినవి మాతో ఉండిపోయినాయి.

నాకు రాడ్డే వెయ్యండి.

ఎక్కువ కాలం ఆగదనా? దానికంటే ముందు నేనే పోతా లెండి. అట్ట చూడబాకండి. మొన్న మీరు ఆయనకి చెప్పింది నేను విన్నా. మీ గదికి తలుపు లేదు, కర్టెనే గదా ఉండేది. ఏడాది దాటితే గొప్ప అన్నారు. ఆయన బయటికొచ్చి, ఇరవై ఏళ్లు ఢోకా లేదన్నాడు డాక్టరు, అని నాతో చెప్పినాడు. అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటాడు మా ఆయన. ఆ పూట చెవి కందిపోయింది. నేను సరే అన్నా. అప్పట్నుంచి ఇద్దరం ఇరవై ఏళ్లు ఇరవై ఏళ్లు అనుకుంటుండాం.

ఇప్పుడు నా నోటితో రాడ్డు చాలంటే, నాకు తెలుసని ఆయనకి తెలిసిపోద్ది. చావంటే భయం లేదని నేను చెప్పను, ఉండాది. ఆయన మొహం చూడ్డం అంతకంటే కష్టం.

అదో, గట్టిగా దగ్గుతుండాడు, వచ్చేసినాడు.

గుండు నా కొలతకి దొరకలేదని చెప్పండి సార్. మద్రాసులో కూడా లేదని చెప్పండి. అరుస్తాడు, అరవనీండి. ఆ తిట్లేవో మీరు పడండి. మాకింక కొట్లాడుకునేదానికి తీరిక లేదు.