మట్టి బిళ్ళల ఖరీదు

“మీ అక్క బంగారు గాజులు నా కొడుకే కాజేసి, గిల్టువి పెట్టీసాడు. ఆణ్ణి గుమ్మం ఎక్కనివ్వను.”

భార్య దినం అయిన మర్నాడు, మల్కాపురం టీ కొట్టు దగ్గర అతను బావమరిదితో అన్నాడు.

“ఆడు కాదు బావా. తుపాకీ పోటీలకని అక్కే తీసిచ్చింది. ఎంట్రీ ఫీజు, తూటాలు, గాల్లోకి ఇసిరే మట్టి బిళ్ళలు, అన్నీ మనమే కట్టుకోవాలట.”

“మట్టి బిళ్ళలు పేల్చడానికి గాజులా! మరి ఈ గిల్టువి?”

“నానే కొనిచ్చాను. నువ్వు కనిపెట్టేత్తావని రెండేళ్లు బయపడింది.”

“రెండేళ్లా! నాను సూడ్నేదే!”

“ఔను. సూడ్నేదు.”

అతను టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“మరి ఆణ్ణి రమ్మనీనా బావా?”

“రమ్మను. గాజుల మాట మాత్రం నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి. నానూ ఎత్తను.”