రెండో నమూనా ఇవ్వనివారి తరఫున

1991 జూన్ 3వ తేదీన శ్రీమతి కెలెబోన్యే మోసెకి గారు మౌన్ పట్టణంలో పశువులకూ మనుషులకూ పరీక్షలు చేసే మా వ్యాధి నిర్ధారణశాలలో సాంకేతిక సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి నేటి వరకు, ముప్పైనాలుగు సంవత్సరాల పాటు, ఈ కార్యాలయంలో ఎవ్వరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదని సవినయంగా మనవి.

ముక్కు వెంట నెత్తురు కారే కుక్కను ఎవరు తీసుకువచ్చినా, శ్రీమతి మోసెకి గారు ముందు కుక్కనూ ఆపై యజమానినీ పరిశీలించేవారు. "దీని జబ్బు నాకూ అంటుకుందా, మ్మా?" అని అడిగితే, "దాన్ని కుట్టిన పిడుదు వేరు, నిన్ను కుట్టింది వేరు. నీది పశువుల మకాం గడ్డిలోది. ఎన్నిసార్లు చెప్పాలయ్యా!" అని విసుక్కునేవారు.

2004లో విభాగాధిపతులైన తరువాత ఆ విసుగు అధికారికమైంది. పిడుదు జ్వరం తొలినాళ్ల నెత్తురులో ప్రతిరక్షకాలు కనబడవనీ, రెండు వారాలకు రెండో నమూనా ఇస్తేనే జబ్బు రుజువవుతుందనీ గోడకు రాసి అంటించారు. జ్వరం తగ్గినవాడు మళ్లీ సూదికి చేయి చాపుతాడా? ఏరు దాటాక తెప్ప తగలేసే రకం మేమంతా.

2016 వర్షాకాలంలో, పిడుదులు చావాలంటే పశువులను మందు తొట్టిలో ముంచమని ఊరూరా ఉపన్యసించే ఒక ఉన్నతాధికారి తన పశువుల మకాం నుండి జ్వరంతో వచ్చారు. మలేరియా లేదన్నారు. పిడుదు జ్వరం పరీక్షలోనూ ఏమీ తేలలేదు.

"చూశారా మ్మా, ఏమీ లేదు."

"సాక్సు విప్పండి, ర్రా," అన్నారు శ్రీమతి మోసెకి గారు. ర్రా అంటే మా వైపు 'అయ్యా' అని మర్యాద.

"నా మకాంలో పిడుదులా? తొట్టి నేనే కట్టించాను!"

"కట్టించారు సరే, ఆవులు దిగాయా? మనిషి నిలబడలేకపోతున్నారు, పరువు మాత్రం నిలబడాలి! విప్పండి."

చీలమండ దగ్గర నల్లటి పక్కు, పిడుదు కుట్టిన గుర్తు. అప్పటికే ఆయన మాట తడబడుతోంది. రుజువు కోసం ఆగకుండా శ్రీమతి మోసెకి గారే ఆసుపత్రికి తీసుకుపోయి, వైద్యునితో వాదించి, ఆ సాయంత్రమే మందు మొదలుపెట్టించారు.

రెండు వారాల తరువాత ఆయన రాలేదు. జబ్బు రుజువైతే తొట్టి సంగతి బయటపడుతుందని భయం. తొమ్మిదేళ్లుగా రిజిస్టరులో ఆ పేరు ఎదుట "నిర్ధారణ కాలేదు" అనే ఉంది. శ్రీమతి మోసెకి గారు ఏటా ఒకసారి ఆయననే అడిగి విసిగించారు గానీ, మరెవరి చెవినా వేయలేదు.

ఆ అధికారి ఈ వ్యాసకర్తే. ఆయన తొట్టిలో ఆ ఏడు మందు మాట దేవుడెరుగు, నీళ్లు కూడా లేవు. రెండో నమూనాకు బదులుగా ఈ వ్యాసాన్ని స్వీకరించి, ఆ గడిని తమ చేతులతో పూరించవలసిందిగా ప్రార్థన.

తమ గుమ్మం తొక్కిన ప్రతివారి చేతా సాక్సులు విప్పిస్తూ, మా ప్రాణాలు ఇలాగే తోడేస్తూ, శ్రీమతి మోసెకి గారు నిండు నూరేళ్లు ఆరోగ్యంగా వర్ధిల్లాలని, వారి విసుగు వల్లనే నేడు బతికి ఉన్న ఒకరి ఆకాంక్ష.