తెర మీద మానిన గాయం

కొత్త కంప్యూటర్ తెర మీద మానిపోయినట్టు కనిపించిన గాయం, వార్డులో మంచం మీదున్న తాపీమేస్త్రీ కాలికి ఏమాత్రం మానలేదని రంగుల మాస్టారు ఒక సోమవారం ఉదయం కనిపెట్టారు.

1988 జూలై నాలుగున మా ఆసుపత్రి ఫొటో విభాగంలో చేరి, ముప్పై ఏడేళ్ల సేవ ముగించుకుని ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారి గురించి రాయాలంటే నాకు ముందుగా ఆ సోమవారమే గుర్తొస్తుంది. తొలి పదిహేడేళ్లు డార్క్‌రూమ్‌లో రసాయనాల తొట్లతోనే గడిపారు. ఫిల్ము పోయి డిజిటల్ కెమెరా వచ్చాక, నలభయ్యో ఏట, మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. వారం వారం తీసిన గాయాల ఫొటోల్లో రంగు సరిదిద్దేవారు. డాక్టర్లు ఆ తెర ముందే కూర్చుని, ఎరుపు తగ్గిందో లేదో చూసి మందు నిర్ణయించేవారు.

ఆరేళ్ల కిందట కొత్త డెస్క్‌టాప్‌కి వారే జాబితా రాశారు. అన్నిటికన్నా ముందు రంగుల్ని ఉన్నదున్నట్టు చూపే మానిటర్, దాన్ని సరిచూసే పరికరం. తర్వాత ముప్పై రెండు జీబీ ర్యామ్, వేగమైన ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు ఓ మోస్తరుది చాలన్నారు. "కంటికి అబద్ధం చెప్పే తెర పెట్టుకుని లోపల ఎంత గుర్రాన్ని కట్టినా దండగే" అనేవారు. తీరా వచ్చింది మిరుమిట్లు గొలిపే దీపాలతో భారీ కార్డు, పక్కన నాసిరకం మానిటర్! ఆ తెర మీద ఎరుపంతా పాలిపోయింది.

సూపరింటెండెంట్ గారు మమ్మల్నందరినీ పిలిపించారు.

"ఈ జాబితా ఎవరిదయ్యా?"

"సంతకం నాదండీ" అన్నారు మాస్టారు.

"మీరు ఇలాగే రాశారా?"

"సంతకం నాదంటున్నాను కదండీ. ముందు ఆ తెర తీయించండి. అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా చూపించను."

"మమ్మల్ని గుడ్డివాళ్లను చేస్తారా మాస్టారూ?" అన్నారు డాక్టరమ్మ.

"నిన్నటిదాకా జరిగిందదేనమ్మా!"

సరైన మానిటర్ రావడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ వారు డాక్టర్లను వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిప్పారు. ఆపబోయిన మందు కొనసాగింది. మేస్త్రీ కాలు నిలిచింది. మాస్టారి సర్వీసు రిజిస్టరులో మాత్రం 'అజాగ్రత్త' అన్న మాట ఎక్కింది. విభాగాధిపతి పదవి ఆ ఒక్క మాటతో చేజారింది. "ఈయన చదవకుండా సంతకాలు పెడతారు" అని వారి శ్రీమతి ఇప్పటికీ దెప్పుతుంటారు. వదినగారూ, ఆయన చదివే పెట్టారు.

వారి చూపు ఇదే పదునుతో, నడక ఇదే చురుకుతో ఇంకో నలభై ఏళ్లు సాగాలని, ఆ ఇంట ఆయురారోగ్యాలు నిండుగా ఉండాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. అయితే రిజిస్టరులో ఆ 'అజాగ్రత్త' అన్న మాటను మిగిల్చి వారిని సాగనంపడానికి నేను ఒప్పుకోను. ఈ ఉదయం సూపరింటెండెంట్ గారికి రాసిచ్చిన కాగితాన్నే ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను:

"మాస్టారి సంతకం చివరి పేజీలో ఉంది. జాబితా ఉన్న మొదటి పేజీని ఆ తర్వాత నేను మార్చి టైపు చేశాను. పెద్ద కార్డుంటేనే మంచి కంప్యూటరని దుకాణంలో చెప్తే నమ్మాను. ఆయనకు కొత్త సంగతులు తెలియవనుకున్నాను. టైపు చేసింది నేనేనని తెలిసినా ఆయన నా పేరెత్తలేదు. ఆ రోజు ఆయన పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు. 'అజాగ్రత్త' అన్న ఆ మాటను ఆయన రిజిస్టరులో కొట్టేసి, నా రిజిస్టరులో రాయండి."