గోడకి తగిలించిన ఎల్లాజీ చొక్కా

రెండువేల పదహారు, కార్తీకం వెళ్ళి చలి ముదురుతున్న రోజులు. గుల్లలపేటలో నూకరత్నం అనే పిల్ల ఉండేది. ఉండేది అంటే ఇప్పుడూ ఉందనుకోండి, ముందు చెప్పేది వినండి. ఆ పిల్లది మా ఊరు కాదు, మన దేశమూ కాదు. వాళ్ళ తాత మావోడే. ఓడెక్కి బర్మా వెళ్ళి, రేవులో మూటలు మోసి, అక్కడే ఉండిపోయాడు. ఈ పిల్ల అక్కడే పుట్టింది. అమ్మా నాన్నా పోయాక నానమ్మ వెంట చుట్టాల్ని చూడ్డానికని ఇటు వచ్చింది. వరసైనోడు ఎల్లాజీ చూశాడు, పెళ్ళయిపోయింది. నానమ్మ వెనక్కి వెళ్ళి అక్కడ కన్నుమూసింది. ఇంక ఆ దేశంలో ఈమెకి ఎవరూ లేరు, తలుపు తీసేవాళ్ళు కూడా లేరు. అయితే ఏమైందంటే, పెళ్ళయినా సరే, ఆడపిల్ల పుట్టినా సరే, సర్కారు దృష్టిలో ఈమె పరాయిదే. ఏటేటా పోలీసు ఆఫీసుకి వెళ్ళి, ఇంకో ఏడాది ఉండనివ్వండి బాబూ అని ముద్ర వేయించుకోవాలి. మొగుడితో ఏడేళ్ళు ఇక్కడ కాపురం చేస్తే అప్పుడు నన్నూ మీలో కలుపుకోండి అని అర్జీ పెట్టుకోవచ్చంట. ఏడేళ్ళూ నిండాయి, పెట్టుకుంది. అర్జీ పెట్టినప్పుడు మొగుడు పక్కనే ఉన్నాడు. విచారణకి మనిషి వచ్చేసరికి లేడు.

ఎందుకు లేడంటే, మా మగాళ్ళు ఇంట్లో ఎన్నాళ్ళుంటారు చెప్పండి? వానలు తగ్గగానే రైలెక్కి గుజరాత్ పోతారు. వేరావల్ రేవులో చేపల బోట్లెక్కుతారు. ఎండలు మండితేగానీ తిరిగి రారు. అన్నాళ్ళూ ఊళ్ళో ఆడాళ్ళూ, పిల్లలూ, నాలాంటి పనికిరాని ముసలాళ్ళూ. ఇంకో సంగతుంది, మీరు పైఊరివాళ్ళు గనక చెప్తున్నాను. మగాడు రైలెక్కిన రోజే వాడి తల్లి కోడలింటికి వస్తుంది. కొడుకు చొక్కాలు, లుంగీలు, చెప్పులు, అన్నం తినే పళ్ళెం, గోడమీది ఫోటో, అన్నీ మూటకట్టి తన ఇంటికి పట్టుకుపోయి పెట్టెలో పెట్టి మూత వేస్తుంది. మనిషి నీళ్ళమీద ఉండగా వాడి చొక్కా ఖాళీగా వేలాడకూడదు. వేలాడితే సముద్రం చూస్తుందంట. చూసి, ఈ చొక్కాకి మనిషి లేడు కాబోలు అనుకుంటుందంట. అలా అనుకుందంటే ఇంక అంతే. ఈ మాట పైవాళ్ళతో నోరు తెరిచి చెప్పకూడదు కూడా, మగాడు ఒడ్డెక్కేదాకా.

ఇలాంటప్పుడు వచ్చాడు విచారణ అయ్యగారు. కుర్రాడే, మర్యాదస్తుడే. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు. ఒకటే గది. చుట్టూ చూశాడు. మీ ఆయనేడమ్మా అన్నాడంట. వేరావల్ ఎల్లాడండి, బోటు మీద ఉన్నాడు. ఫోను చెయ్యమ్మా మాట్లాడతాను. నడిసముద్రంలో ఫోను పలకదండి. సరే, ఆయన బట్టలు చూపించు. లేవండి. ఒక్క చొక్కా కూడా? లేదండి. చెప్పులు? లేవండి. పెళ్ళిఫోటో? అదీ, బట్టలూ అన్నీ మా అత్తకాడ ఉన్నాయండి. పళ్ళేలు చూస్తే రెండే ఉన్నాయి, తల్లిదీ పిల్లదీ. మీ ఆయన సామానంతా మీ అత్తగారింట్లో ఎందుకుంది, గొడవపడ్డారా అన్నాడు. ఈ పిల్ల నేల చూస్తూ నిలబడింది గానీ నోరు విప్పలేదు. బయటికి వచ్చి పక్కింటి ఆడాళ్ళని అడిగాడు, ఈమె భర్త ఇక్కడే ఉంటాడా అని. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఇప్పుడు లేడండి అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. అందరి మగాళ్ళూ నీళ్ళమీదే ఉన్నారాయె. అప్పుడాయన, చూడమ్మా, కాగితం కోసం పెళ్ళి చేసుకునేవాళ్ళని చాలామందిని చూశాను, నువ్వు అలాంటిదానివని అనటం లేదు, కానీ నేను చూసింది రాయాలి కదా, సోమవారం మళ్ళీ వస్తాను, ఈ ఇంట్లో మగాడు ఉంటున్నాడని తెలిసేది ఏదైనా చూపించు, లేకపోతే కలిసి కాపురం లేదని రాసేస్తాను అన్నాడు. రాస్తే ఏమవుతుందండి అంది. అర్జీ పోతుంది, ఈసారి ఉండటానికి ముద్ర కూడా పడకపోవచ్చు. మరి నా గుంట అని కూతుర్ని చూపించింది. పిల్ల ఇక్కడ పుట్టింది, ఇక్కడిదే, పిల్లని ఎవరూ పొమ్మనరు అన్నాడు. ఆయన ధైర్యం చెప్పాననుకున్నాడు. ఈ పిల్లకి వినపడింది, గుంట ఉంటుంది, తను పోతుంది అని.

ఆయన వెళ్ళగానే అత్త దగ్గరికి పరిగెత్తింది. అత్త పేరు పోలమ్మ. మొగుణ్ణి సముద్రమే తినేసింది, శవం కూడా ఒడ్డుకి రాలేదు. అత్తా, ఒక్క చొక్కా ఇయ్యే, సోమారం సూపించేసి మల్లీ తెచ్చిచ్చేత్తాను అంది. పోలమ్మ వల కుడుతున్నదల్లా ఆపి, ఏటంతన్నావే అంది. ఒక్క చొక్కా అత్తా. నా కొడుకు పేణం కన్నా నీకు కాయితం ఎక్కువైపోయిందేటే? కాయితం కాదత్తా, నన్ను పంపించేత్తారు, గుంట ఉండిపోతాది. ఉంటే నాను పెంచుతాను. నాకక్కడెవులున్నారత్తా? నా కొడుక్కి సముద్రంలో ఎవులున్నారే, అని పోలమ్మ మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది.

అప్పుడు నా దగ్గరికి వచ్చింది. నేను నా చొక్కా తీసుకెళ్ళు అన్నాను. ఆ ఏడుపులోనే నవ్వింది. తాతా, నీ సొక్కాలో మా గుంట కూడా పట్టదు, ఆయన నమ్ముతాడేటి అంది. ఈ మాట పోలమ్మ చెవిన పడి, ఎల్లాజీ ఇంట్లో ఎల్లాజీదని తగిలించాక అది ఎవడిదైతేనేమి, సముద్రానికి ఎల్లాజీదే అందంట. అదీ నిజమే. నాకు ఒకటి పట్టుకుంటే వదలటం చేతకాదు. నాకు నీళ్ళమీద కొడుకూ లేడు, మనవడూ లేడు. బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళి ఆ అయ్యగారికి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు. టీ ఇప్పించాడు. తాతా, నేను నమ్ముతున్నాను, కానీ సముద్రం చూస్తుందని బట్టలు దాచారని రాస్తే నా పైవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు, వస్తువు కనిపిస్తే వస్తువు ఉందని రాస్తాను, అంతే అన్నాడు. తిరిగొచ్చేసరికి ఆడాళ్ళంతా నామీద పడ్డారు. ఒకావిడ, పోయేటప్పుడు ఊరి గుట్టు కూడా మూటకట్టుకు పోయావేటి తాతా అంది. ఇంకొకావిడ వారం రోజులు నా చుట్టకి నిప్పు కూడా ఇవ్వలేదు.

సోమవారం రానే వచ్చింది. నూకరత్నం పిల్లకి తల దువ్వి కూర్చోబెట్టింది, ఆ రోజు తర్వాత దువ్వడానికి ఉంటానో ఉండనో అన్నట్టు మళ్ళీ మళ్ళీ దువ్వింది. పొయ్యి వెలిగించలేదు. జీపు చప్పుడు వినిపించింది. అప్పుడు చూడండి, పోలమ్మ వస్తోంది. చీరమీద కొడుకు చొక్కా తొడుక్కుంది, నీలం గళ్ళది, మోకాళ్ళదాకా వేలాడుతోంది. చంకలో ఫోటో, చేతిలో చెప్పులు, పళ్ళెం. ఖాళీ చొక్కా కదా వేలాడకూడనిది, లోపల మనిషి ఉంటే ఏం? ముసల్దానికి తెల్లారేసరికి తట్టిందంట. వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. అయ్యగారు చూసి, ఇదేంటమ్మా అన్నాడు. చలండి, నా కొడుకు సొక్కా తొడుక్కున్నాను, ఈ ఇంట్లోదే అంది. అయ్యగారు గుమ్మంలో ఉన్న నావైపు చూశాడు, నాకు నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. పళ్ళెం చూశాడు, ఫోటో చూశాడు, తృప్తిపడ్డాడు. పని గట్టెక్కిందనే అనుకున్నాం.

అప్పుడాయన జేబులోంచి ఫోను తీశాడు. ఇంటిని ఫోటో తియ్యాలమ్మా, అర్జీతో పంపాలి, ఆ చొక్కా అలా చిలక్కొయ్యకి తగిలించండి, నువ్వు తొడుక్కుంటే పైవాళ్ళకి ఎలా తెలుస్తుంది అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆడాళ్ళు వెనక్కి జరిగారు. పోలమ్మ చొక్కా గుండీలు రెండు చేతులతో పట్టుకుంది. నూకరత్నం ముందుకొచ్చి, వద్దండి, ఫోటో తియ్యకపోతే మానె, ఏదైతే అదే రాసుకోండి అందంట. అంట ఏమిటి, నేను విన్నాను. పోలమ్మ కోడలివైపు చూసింది, మనవరాలివైపు చూసింది. ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని ఉంది. పోలమ్మ ఒక్కో గుండీ విప్పి, చొక్కా తీసి, తనే తగిలించింది. కోడలి చెయ్యి పడనివ్వలేదు. సముద్రంవైపు కిటికీ తెరిచి ఉంది, మూయాలని ఎవరికీ తోచలేదు. గాలికి, లోపల చెయ్యి లేని ఆ చొక్కా చెయ్యి లేచి, పడింది. ఆయన ఒక ఫోటో తీశాడు, సరిగా రాలేదని ఇంకోటి తీశాడు. అంతే, పోలమ్మ లాగేసి మళ్ళీ తొడుక్కుంది. రెండు రెప్పపాట్లు ఉందేమో గోడమీద.

ఆ తర్వాత నూకరత్నం ఫోను కొంగున కట్టుకుని తిరిగేది, మోగితే ముందు పోలమ్మ మొహం చూసి, అప్పుడు ఎత్తేది. అత్తాకోడళ్ళు ఒక ఇంట్లోనే పడుకునేవారు, ఫోను ఇద్దరి మధ్యా పెట్టుకుని. సంక్రాంతి దాటాక మోగింది. బోటు నడిపే సరంగు చేశాడు. మనిషి ఉన్నాడమ్మా అన్నాడు మొదటే, బతికే ఉన్నాడు అన్నాడు. వల లాగే తాడు చేతికి చుట్టుకుని మర లాగేసిందంట. ఎప్పుడు జరిగింది బాబూ అంది పోలమ్మ. రోజు సరిగా చెప్పలేకపోయాడు, బోటు మీద వారాలూ తేదీలూ ఎవరికి గుర్తుంటాయి? ఆ సోమారమే అని పోలమ్మ అంటుంది. ఆ సోమారమని ఏ సరంగూ చెప్పలేదు కదా అని నేనంటాను. ఇప్పటికీ అదే అంటాను. ఆవిడా అదే అంటుంది. మా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

నూకరత్నానికి కాగితం వచ్చింది. మొన్న ఓటు కూడా వేసింది, వేలిమీద సిరా అందరికీ చూపించింది. ఎల్లాజీ ఇంక బోటెక్కడు, మొగుడూ పెళ్ళాం ఏడాది పొడుగునా ఒక్క ఇంట్లోనే ఉంటున్నారు. అతని కుడిచేతికి మూడు వేళ్ళు లేవు.