అడుగు తక్కువ చుక్క

వేదిక మీద పెద్ద కుర్చీలో ఉన్న క్లబ్బు అధ్యక్షుల వారికీ, ఆయన పక్కన కుర్చీ అంచున కూర్చుని ఎప్పుడెప్పుడు లేచిపోదామా అని చూస్తున్న, ఇవాళ మనం వీడ్కోలు చెబుతున్న మన కోచ్ సారుకీ, నిన్న గెలిచిన కప్పును ఒళ్ళో పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వని మన అమ్మాయిల జట్టుకీ, కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పాత ఆటగాళ్ళకీ, వాళ్ళ ఇంటివాళ్ళకీ నా నమస్కారాలు.

నేను చాలామందికి తెలుసు గానీ కొత్తవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ ఫుట్‌బాల్ మైదానంలో గీతలు గీసేది నేను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా గీస్తున్నాను. పిల్లలు సున్నం తాతయ్య అంటారు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. మైకు ముందు నిలబడడం ఇదే మొదలు. ఈ కాగితం నాలుగు రోజులు కూర్చుని రాశాను. నిన్న మ్యాచ్ అయ్యాక సగం కొట్టేసి మళ్ళీ రాశాను. మా ఆవిడ అది చూసి, "పెళ్ళయినప్పటి నుంచీ మీరు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు కదండీ" అంది. (నవ్వులు) మూడో వరసలోనే ఉంది. ఇప్పుడు చూడండి, ఆ మాట అన్నది తను కాదన్నట్టు తల అటు తిప్పుకుంది.

నిన్నటి సంబరం ఇంకా దిగలేదు.

సారు కీపరుగా ఆడిన రోజులు మీలో సగం మందికి తెలియవు. నేను చూశాను. నా షెడ్డు గోలు వెనకే కాబట్టి ఆయన వీపుని నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు. అప్పట్లో ఆయన పేరు గోడ. ప్రేక్షకులు "గోడా! గోడా!" అని అరిచేవాళ్ళు. బంతి మీదికి వస్తుంటే అందరూ వెనక్కి జరుగుతారు కదా, ఈయన ముందుకి ఉరికేవాడు. ఒకసారి తన్నబోయే ఆటగాడి కాళ్ళ మధ్య నుంచి బంతి లాక్కుని, పడిపోయిన అతన్ని చెయ్యిచ్చి లేపి, "దెబ్బ తగిలిందా బాబూ?" అని అడిగి, వాడు లేదనగానే, "అయితే మళ్ళీ రా" అన్నాడు. (నవ్వులు) నేను గోలు వెనక సున్నం బకెట్టు పక్కన కూర్చుని ఇదంతా విన్నాను. ఆ సారు ఈ సారేనా అని ఇప్పుడు అమ్మాయిలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆయనే తల్లీ. అప్పుడు జుట్టు ఉండేది. (నవ్వులు)

తర్వాత కోచ్ అయ్యారు. ఎలా అయ్యారన్నది చెబుతాను, కాస్త ఆగండి, అది చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

కోచ్ అయిన మొదటి వారమే షెడ్డు దగ్గరికి వచ్చి, "అన్నా, ప్రాక్టీసు గోలు ముందు పెనాల్టీ చుక్క ఒకటుంది కదా, దానికి ముందు ఇంకోటి పెట్టు. గోలు వైపుకి ఒక్క అడుగు దగ్గరగా" అన్నారు. ఎందుకు సారూ అన్నాను. "దగ్గర నుంచి తన్నినవి ఆపడం వస్తే, అసలు చుక్క నుంచి తన్నినవి పిల్లలకి లెక్కలోకి రావు" అన్నారు. అప్పటి నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే నేను రెండు చుక్కలు పెడుతున్నాను. పొడుగు చుక్క, పొట్టి చుక్క. మన కీపర్లందరూ పొట్టి చుక్క దగ్గరే ఏడ్చారు. అదిగో, వెనక మీసాలాయన నవ్వుతున్నాడు. నువ్వు బూట్లు విసిరికొట్టి ఇంటికెళ్ళిపోయిన రోజు నాకు గుర్తుంది నాయనా.

ఆయనకి ఇంకో అలవాటుంది, అందరూ చూసిందే. ప్రతి మ్యాచ్‌కీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని, గోలు గీత మీద నుంచి బయల్దేరి, తల వంచుకుని మెల్లగా నడిచి, పెనాల్టీ చుక్క దగ్గర ఆగి, వెనక్కి వస్తారు. రెండు వైపుల గోలు దగ్గరా అంతే. అదేదో సెంటిమెంటు అనుకునేవాళ్ళం. ఆ సమయంలో ఎవరూ పలకరించేవాళ్ళు కాదు.

ఇక నిన్నటి సంగతి. నిన్నటి మ్యాచ్ మీరందరూ చూశారు, అయినా చెప్పకుండా ఉండలేను. పెనాల్టీలకి వెళ్ళింది. మనవాళ్ళు ఐదింట్లో నాలుగు కొట్టారు. వాళ్ళు నాలుగింట్లో మూడు కొట్టారు. వాళ్ళ ఐదో అమ్మాయి వచ్చి చుక్క మీద బంతి పెట్టింది. గోలులో మన పొడుగమ్మాయి. నేను షెడ్డు తలుపు పట్టుకుని నిలబడ్డాను. విజిల్ వినపడింది. తన్నింది. మనపిల్ల ఎడమ పక్కకి, నేల మీంచి పాకినట్టు వెళ్ళి, రెండు చేతులతో బంతిని పట్టేసింది! తోసెయ్యడం కాదండీ, పట్టేసింది! (చప్పట్లు) కొట్టండి, ఇంకా కొట్టండి. నేను నిన్న కొట్టలేకపోయాను, చేతిలో సున్నం డబ్బా ఉంది. ఎగిరిన ఎగురుకి ఆ డబ్బా మా ఆవిడ మీద బోర్లా పడింది. (నవ్వులు)

అప్పుడు ఆ పిల్ల జట్టునీ జనాన్నీ తప్పించుకుని పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, రొప్పుతూ ఒక మాట అంది. "తాతయ్యా, ఆ చుక్క ఎంత దూరముందో! బంతి వచ్చేలోపు చిన్న కునుకు తియ్యొచ్చు అనిపించింది!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికెళ్ళి కాగితం సగం కొట్టేశాను.

ఇక్కణ్ణించి కాస్త నెమ్మదిగా చదువుతాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఇదే మైదానంలో ఇదే కప్పు ఫైనల్ జరిగింది. గోడకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. పెద్ద క్లబ్బు నుంచి ఇద్దరు మనుషులు ఆయన్ని చూడ్డానికే వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. ఈ మ్యాచ్ బాగా ఆడితే తీసుకెళ్తారని ఊరందరికీ తెలుసు. ఆట ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా షెడ్డు వైపు గోలులో వాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. గోడ సరైన వైపుకే దూకాడు. బంతి వేళ్ళకి తగిలింది. తగిలి, లోపలికి పోయింది. ఓడిపోయాం. ఆ ఇద్దరూ లేచి వెళ్తూ, "అన్నీ బాగున్నాయి గానీ చెయ్యి ఒక పిసరు నెమ్మది" అనుకున్నారు. నా పక్క నుంచే వెళ్ళారు, నేను విన్నాను. తర్వాత వాళ్ళ కబురు రాలేదు. మరో ఏడాది ఆడి ఆయన గ్లవ్స్ పక్కన పెట్టి కోచ్ అయ్యారు.

ఇప్పటిదాకా అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఇది.

నేను చుక్క పెట్టేది తాడుతో. నూలు తాడు, దానికి ముళ్ళు. గోలు గీత మీద ఒక కొస తొక్కిపెట్టి లాగితే పన్నెండు గజాల దగ్గర ముడి వస్తుంది. అక్కడ చుక్క. ఫైనల్‌కి ముందు రోజు షెడ్డు వైపు గోలు ముందు గుంట పడితే కొత్త మట్టి పోసి చదును చేశాను, పాత చుక్క ఆ మట్టి కింద పోయింది. మర్నాడు తెల్లవారుతుండగా వాన పడింది. షెడ్డు రేకు కారి, మేకుకి వేలాడుతున్న తాడు తడిసి ముద్దయింది. నూలు తాడు తడిస్తే ముడుచుకుంటుంది. నాకు తెలుసండీ, తెలియక కాదు. కానీ జనం వచ్చేస్తున్నారు, రెఫరీ తొందర పెడుతున్నాడు, ఆ తడి తాడుతోనే కొలిచి చుక్క పెట్టేశాను. రెఫరీ కంటితో చూసి బాగానే ఉందన్నాడు.

మ్యాచ్ అయిన మర్నాడు ఎండలో తాడు ఆరింది. ఎందుకో మనసు ఊరుకోక మళ్ళీ వేసి చూశాను. ముడి, చుక్కని దాటి అవతలికి వెళ్ళింది. సరిగ్గా అడుగు.



ఆయన చెయ్యి నెమ్మది కాదండీ. చుక్క దగ్గర. అది నా తప్పు.

ఎందుకు చెప్పలేదంటే, ముందు భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది. ఆయన వచ్చి పొట్టి చుక్క పెట్టమన్నప్పుడు, అడుగు అన్నప్పుడు, నేను పెట్టిన చుక్క గుడ్డు ఆకారంలో వచ్చింది. యాదృచ్ఛికం అనుకున్నాను. అలాగే అనుకోవాలనుకున్నాను. ఆ ఫైనల్ అయినప్పటి నుంచి తాడుని షెడ్డులో ఉంచలేదు, ఇంట్లో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడతాను. "ఆ తాడుకి ఉన్న భాగ్యం నాకు లేదు" అని మా ఆవిడ ఎన్నిసార్లు ఎత్తిపొడిచినా కారణం చెప్పలేదు. ఇప్పుడు తనూ మొదటిసారి వింటోంది. సారు రేపటి నుంచి రారు. ఇవాళ చెప్పకపోతే ఇంక ఎప్పుడూ చెప్పను. సారూ, అందరి ముందూ అడుగుతున్నాను. నన్ను క్షమించండి. ఇదిగో ఆ తాడు, ఈ సంచిలో తెచ్చాను. మీరే ఉంచుకోండి, లేదంటే…

ఏమిటి సారూ?

(కోచ్ లేచి ఏదో అన్నారు)

వెనకవాళ్ళకి వినపడలేదంటున్నారు. నేనే చెబుతాను. సారు ఏమంటున్నారంటే… ఆయనకి తెలుసంట. ఆ సాయంత్రమే, అందరూ వెళ్ళిపోయాక, ఒంటరిగా వచ్చి అడుగులు వేసి చూశారంట. అడుగు తక్కువ వచ్చిందంట.

మరి… మరి ఎందుకు చెప్పలేదు సారూ?

"ఓడిపోయినవాడు చుక్క దగ్గరుందంటే ఎవరు నమ్ముతారన్నా, సాకు అంటారు" అంటున్నారు. "వారం రోజులు నీ మీద కోపంగానే ఉంది. షెడ్డు దాకా రెండుసార్లు వచ్చి వెనక్కి పోయాను" అంటున్నారు. ఉండండి, ఇంకా ఏదో… "కానీ అడుగు దగ్గర నుంచి తన్నినా బంతి నా వేళ్ళకి తగిలింది కదా. తగిలిందంటే ఆపొచ్చు. ఎవరైనా అక్కణ్ణించి ఆపితే చూడాలనిపించింది. అందుకే కోచ్ అయ్యాను" అంటున్నారు.

(చప్పట్లు)

ఒక్క నిమిషం. కళ్ళజోడు తుడుచుకోనివ్వండి.

అయితే సారూ, మ్యాచ్‌కి ముందు ఆ నడక… కొలతా? ఇన్నేళ్ళూ నా చుక్కలు కొలుస్తూ వచ్చారా? నా మీద నమ్మకం లేకనా?

"నీ మీద నమ్మకమే అన్నా. నీ తాడు మీదే లేదు" అంటున్నారు. (నవ్వులు, చాలాసేపు) నిన్నటిది సరిగ్గా ఉందంట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదంట. ఈ మాట మా ఆవిడ విన్నదో లేదో. విన్నావా?

సారు వేదిక దిగుతున్నారు. సారూ, సభ ఇంకా అవ్వలేదు, అధ్యక్షుల వారు… ఏమిటి? నన్నా?

మీకు వినపడలేదేమో. "ఆ రోజు గోలు కొట్టింది వాళ్ళ ఆటగాడు కాదు, నువ్వు. పద, మళ్ళీ కొట్టు, పొట్టి చుక్క నుంచి. ఈసారి ఆపుతాను" అంటున్నారు. అయ్యా, నేను జన్మలో బంతి తన్నలేదు. గీతలు గీశానే గానీ వాటి లోపల ఆడలేదు. కాళ్ళకి చెప్పులున్నాయి. మోకాలు నొప్పి. పొడుగమ్మాయీ, ఆ గ్లవ్స్ ఆయనకి ఇవ్వకు తల్లీ… ఇచ్చేసింది. తొడిగేసుకుంటున్నారు. అమ్మాయిలు కప్పు కుర్చీలో వదిలేసి తలుపు దగ్గరికి పోతున్నారు. పొద్దున్నుంచీ దాన్ని ఎవరికీ ఇవ్వనివాళ్ళు!

అధ్యక్షుల వారు కూడా నవ్వుతున్నారు కాబట్టి అనుమతి ఉన్నట్టే.

ఇంకా రెండు పేజీలు రాశాను గానీ అవి ఇక అక్కర్లేదు. నా మాటలు విన్నందుకు మీ అందరికీ, నన్ను ఈ మైదానంలో ఉంచుకున్న క్లబ్బుకీ, ముప్ఫై ఒక్క ఏళ్ళు నా తప్పు మీద నిలబడి మనకి ఇంతమంది కీపర్లని ఇచ్చిన మా తమ్ముడికీ కృతజ్ఞతలు. ఎండ ఇంకో పావుగంట ఉంటుంది. పొట్టి చుక్క పొద్దున్నే పెట్టాను, తడి ఆరి ఉంటుంది. కావాలంటే ఎవరైనా కొలుచుకోండి, తాడు ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను.

తలుపులోంచి చూడండి, ఆయన అప్పుడే గోలులోకి వెళ్ళిపోయి చేతులు చాచి నిలబడ్డారు. "గోడా" అని అరిచేవాళ్ళు గట్టిగా అరవండి. నేను తన్నడానికి పోతున్నాను. సెలవు.