జానెడు కుడికి

"నువ్వు చెప్తే ఎత్తుతా. నువ్వు చెప్తే దించుతా. ఆవిడ చెప్తే మాత్రం లివర్ మీద చెయ్యి కూడా వెయ్యను. వినపడిందా?"

"వినపడింది బావా. నాకే కాదు, సైటంతటికీ వినపడింది. ఇది రేడియో."

తొమ్మిదో అంతస్తు, సగం పోసిన స్లాబు. క్రేను పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరుకి లిఫ్టు గోడ అడ్డమొచ్చి కనపడని మూలలో, సిగ్నల్ మనిషిగా ఉండి ఆ పొద్దున్నే సూపర్‌వైజరైన బావమరిది నిలబడి ఉన్నాడు. అతని పక్కన, మెడలో కొత్త రేడియో వేలాడేసుకుని, నిన్నటిదాకా ఇటుకలు మోసిన ఆవిడ. వాళ్ళ నెత్తిమీద గాల్లో నిండు బకెట్ కాంక్రీటు. ఎవరేం మాట్లాడుకున్నా అందరికీ వినపడే చానెల్ ఒక్కటే ఉంది, ఇక ఈ ఇంటి గొడవ ఎంతమంది విన్నారో మీరే చూడండి.

"వినపడనీ, నాకేం భయమా? ఒరేయ్, ఆరేళ్ళుగా..."

"రేడియోలో ఒరేయ్ అనకు బావా."

"మరేమనాలి? సూపర్‌వైజర్ గారూ అనాలా? ఎనిమిదింటికి చొక్కా మారింది, తొమ్మిదింటికల్లా బావనే మర్చిపోయావు. కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు."

"ఇప్పుడు నా కళ్ళ సంగతెందుకు?"

"ఏం, అంత ఉలిక్కిపడ్డావేం?"

"ఉలిక్కిపడలేదు. బావా, విను. నీవైపు సగం నీ కళ్ళతో నువ్వే చూసి పోసేశావు, బాగుంది. ఈ సగం గోడ వెనకాల. నీకు కనపడదు, సిగ్నల్ లేకుండా దించలేవు. సిగ్నల్ ఇచ్చే మనిషిని పెట్టాను. ఆవిడ మాట విని దించు. అంతే కదా?"

"ఎవర్ని పెట్టావు? ఇటుకలక్కని! ఇరవయ్యేళ్ళు నెత్తిమీద తట్ట తప్ప ఇంకోటి ఎరగని మనిషి. ఆవిడకి క్రేనంటే ఏం తెలుసురా?"

"నేనిక్కడే ఉన్నా బాబూ. అన్నీ వింటున్నా."

"విను అక్కా, నీ మీద నాకేం కోపం లేదు. మంచిదానివి. ఇటుకలు మొయ్యి, చక్కగా మొయ్యి. బకెట్ జోలికి రాకు."

"బావా, మర్యాదగా చెప్పా, వినలేదు. ఇక ఇది ఆర్డరు. సూపర్‌వైజర్‌గా చెప్తున్నా. సిగ్నల్ మనిషి చెప్పినట్టు ఆపరేటరు చెయ్యాలి."

"ఆర్డరా! అమ్మో, చేతులు వణుకుతున్నాయిరా. సాయంత్రం ఇంటికెళ్ళి మీ అక్కతో చెప్తా, నీ తమ్ముడు నాకు ఆర్డరేశాడే అని. తనేమంటుందో వచ్చి నువ్వే విను."

"మధ్యలో అక్కనెందుకు లాగుతావు?"

"తను నా పెళ్ళాం కాబట్టి."

"మెమో రాయాల్సొస్తుంది బావా."

"రాయి. అందులో బావ అని రాస్తావా, ఆపరేటరు అని రాస్తావా?"

"అబ్బబ్బా... బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇక్కడ ముగ్గురు పారలు పట్టుకుని నా మొహమే చూస్తున్నారు. నీవైపు పోసింది బిగుస్తోంది. ఇంకో పావుగంటలో దీన్ని దానికి కలపకపోతే అతుకు పడుతుంది. అతుకు పడితే పోసిందంతా పగలగొట్టాలి. ఇవాళ నా మొదటి రోజు. మొదటి రోజే స్లాబు పగలగొట్టిన సూపర్‌వైజర్ని ఎవరైనా ఉంచుకుంటారా?"

"అందుకే కదరా మొత్తుకుంటున్నా! నువ్వు రేడియోలో చెప్పు. పావుగంటెందుకు, అయిదు నిమిషాల్లో దించేసి టీ తాగుతా."

"నేను చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు?"

"సూపర్‌వైజర్లకి పెట్టిన ఆ మూడు రోజుల క్లాసులో చెప్పారు. ఒకరికి పని అప్పగించాక మళ్ళీ మనం వేలు పెట్టకూడదట. ఆర్డరనేది ఒక్క నోట్లోంచే రావాలట."

"ఇంకేం చెప్పారేం, ఆ క్లాసులో?"

"ఆర్డరు సూటిగా ఉండాలి. అరిచి చెప్పకూడదు. వినేవాడికి ఎందుకో తెలియాలి."

"అదీ! ఆ చివరిది మళ్ళీ చెప్పు."

"వినేవాడికి ఎందుకో తెలియాలి."

"నేను వినేవాణ్ణి. నిన్న సాయంత్రం దాకా నీ గొంతు. ఇవాళ పొద్దుట్నుంచి ఈవిడ గొంతు. ఎందుకో చెప్పు."

"గాలి పెరుగుతోంది బావా."

"గాలి సంగతి నువ్వు నాకు చెప్తావా? నా క్యాబిన్ ఊగుతోందిక్కడ. ఎందుకు అని అడిగాను."

"అక్క బాగా చూస్తుంది. అందుకు."

"ఇంత సైటులో ఆవిడొక్కతే బాగా చూస్తుందా?"

"ఒక్కతే."

"సరే. అయితే బకెట్ అడుగున ఏముందో చెప్పమను, చూద్దాం."

"అడుగున ఎడంపక్క సొట్ట ఉంది బాబూ. సొట్టకి బెత్తెడు దూరంలో పాత కాంక్రీటు చుక్క ఎండిపోయి ఉంది. మూత కొక్కెం కొంచెం వంకర పోయింది, పని కాగానే దాన్ని మార్పించు."

"కొక్కెమా? కొక్కేనికేమైంది? ఏరా, నిజమేనా?"

"అక్క చెప్పింది కదా."

"నువ్వు చూసి చెప్పరా. నీ నెత్తిమీదే కదా ఉంది."

"ఉంది బావా. వంకర పోయింది. అక్క చెప్పిందంటే ఉన్నట్టే."

"అదేం మాటరా? చూసి చెప్పమంటే అక్క చెప్పిందంటావు. నీకివాళ ఏదో అయింది."

"ఒక్క నిమిషం ఆగు బావా. లైన్లోనే ఉండు."

"ఎక్కడికి పోతాను, గాల్లో!"

"తమ్ముడూ, నా రేడియో బటన్ వదిలేశా. నీదీ వదులు. వదిలావా? ఇలా కాదుగానీ, ఎప్పటిలాగే కానిచ్చేద్దాం. ఈ ఒక్కరోజుకి."

"వద్దక్కా."

"ఆయనకి నీ గొంతు కావాలి, ఇచ్చెయ్. ఎవరికి నష్టం?"

"ఇవాళ నేను మాట్లాడితే రేపూ నేనే మాట్లాడాలి. నువ్వు మళ్ళీ ఆ తట్ట దగ్గరికే పోవాలి. నేనొప్పుకోను."

"ఒప్పుకోకపోతే నీ కొత్త చొక్కా ఊడుతుంది. ఇంట్లో ఇద్దరు చదువుకుంటున్నారు నీకు, మర్చిపోకు."

"తెలుసక్కా. రాత్రంతా అదే లెక్క. నిద్ర పట్టలేదు."

"మరి నోరు మూసుకుని నే చెప్పినట్టు చెయ్యి."

"ఒరేయ్! ఉలుకూ పలుకూ లేదేంట్రా? ఉన్నావా, దిగిపోయావా?"

"ఉన్నా బావా. ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆడమనిషనా నీ బాధ? ఇటుకలు మోసిందనా?"

"ఛ. అది కాదు."

"మరేంటి?"

"ఏం లేదు. నువ్వు చెప్పు, దించుతా."

"ఏంటి బావా?"

"సైటంతా వింటోందిరా."

"ఇందాకట్నుంచీ వింటూనే ఉంది కదా."

"ఇక్కడికి రాకముందు ఇంకో సైటులో చేసేవాణ్ణి. ఇలాగే గోడ వెనకాల పని. కొత్త సిగ్నల్ మనిషి. దించు అన్నాడు, దించాను. వాడు ఆ టైములో ఇంకెటో చూస్తున్నాడు. కింద తాపీమేస్త్రి ఉన్నాడు. మోచేతి దాకా పోయింది చెయ్యి. తప్పు సిగ్నల్ వాడిదన్నారు, నాది కాదన్నారు. లివర్ ఎవరి చేతిలో ఉంది మరి? అప్పట్నుంచి కనపడని చోట దించాలంటే నా చెయ్యి కదలదురా. కొత్త గొంతు వింటే అసలు కదలదు. నీ గొంతు వింటే కదులుతుంది. ఇదీ సంగతి, చాలా?"

"ఎప్పుడూ చెప్పలేదే బావా. మా అక్కకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఇప్పుడు అందరికీ తెలిసింది. నీ పుణ్యమా అని."

"నా గొంతులో ఏముంది బావా అంతగా?"

"ఏముందా? మొదట్లో నువ్వూ అందరిలాంటివాడివే. కొంచెం కుడికి, ఇంకొంచెం, ఆ ఆ చాలు చాలు, అని ప్రాణం తీసేవాడివి. ఈ రెండు నెలల్నుంచి చూడు! జానెడు కుడికి. బెత్తెడు కిందికి. ఆపు. చేత్తో కొలిచినట్టే. అదీ తొందరపడవు, ఒక్క క్షణం ఆగి, చూసుకుని, అప్పుడు చెప్తావు. పువ్వు పెట్టినట్టు దిగుతోంది బకెట్. రెండు నెలల్లో ఎక్కడైనా ఒక్క గీత పడిందా? అందుకే కదరా నిన్ను సూపర్‌వైజర్ని చేశారు."

"అవును. అందుకే చేశారు."

"మరి! అలాంటి గొంతుని మూల కూర్చోబెట్టి..."

"సూపర్‌వైజర్, నేను మేనేజర్ని మాట్లాడుతున్నాను. కింద ఇంకో రెండు ట్రక్కులు ఆగిపోయాయి. మీ కుటుంబ కథ ఇక చాలు. రేడియోలో మీరే సిగ్నల్ ఇవ్వండి."

"కుదరదు సార్."

"కుదరదా? ఇది మీ మొదటి రోజు. ఇదే చివరిది కూడా కావాలా?"

"వద్దు సార్. కానీ కుదరదు. ఇక్కడ బకెట్ కింద ముగ్గురు మనుషులున్నారు."

"ఉన్నారనే కదా అనుభవమున్న మిమ్మల్ని చెప్పమంటున్నాను!"

"చూశావురా, సారు కూడా అదే అంటున్నారు. ఇంకెందుకు మొండితనం? బకెట్ ఊగడం మొదలెట్టింది. నీకు దణ్ణం పెడతా, చెప్పరా!"

"తమ్ముడూ, వద్దు. చెప్పకు."

"చెప్పాలక్కా."

"ఏంట్రా, ఆవిడ ఏం చెప్పొద్దంటోంది?"

"బావా, బకెట్ ఊగుతోందన్నావు కదా. ఊగుతోందా?"

"కళ్ళెదురుగా ఊగుతుంటే నన్నడుగుతావేం?"

"నాకు తెలీదు కాబట్టి. తలెత్తి దాన్నే చూస్తున్నా. తెల్లటి మసక తప్ప ఏమీ కనపట్లేదు."

"ఏమన్నావ్?"

"రెండు నెలల్నుంచి ఇంతే బావా. దుమ్ము పడిందేమో, పోతుందిలే అనుకున్నా. పోలేదు. చెప్తే పని పోతుందని భయమేసింది. అక్క కనిపెట్టేసింది. మంచినీళ్ళ వంకతో తట్ట దించి నా పక్కన నిలబడేది. తను చూసి నా చెవిలో చెప్పేది, నేను నీకు చెప్పేవాణ్ణి. ఒక్క క్షణం ఆగి చెప్తానన్నావే, అది చూసుకోడానికి కాదు, వినడానికి. ఆ జానెడూ బెత్తెడూ నావి కావు. గొంతొక్కటే నాది. రెండు నెలలుగా నువ్వు దించుతున్నది ఆవిడ మాట మీదే బావా. ఎందుకో చెప్పమన్నావు. ఇదీ."

"సూపర్‌వైజర్. మీరు వెంటనే ఆఫీసుకి రండి."

"వస్తాను సార్. బకెట్ దిగాక."

"ఒరేయ్... ఎంత పని చేశావురా. ఎంత పని చేశావు! అక్కా. ఇటుకలక్కా. వాడు చెప్పేదంతా నిజమేనా?"

"అవన్నీ తర్వాత బాబూ. ముందు లివర్ మీద చెయ్యి వెయ్యి. జానెడు కుడికి."