ఎర్రలాంతరు లేని బండి

మొగిలికుంట టేషన్ పక్కనే కుప్పుస్వామి కాఫీ అంగడి. సాయంత్రం బండి వచ్చేదాకా అక్కడ పోర్టరు చెంగల్రాయుడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"యుద్ధమని, పైన ఇమానాలోళ్ళకు ఊరు తెలీకూడదని మన టేషన్ బోర్డుకు తారు పూసినారు గదప్పా, అప్పట్నించీ ఈ ఊరికి పేరంటే నా గొంతే. బండి నిలబడంగానే 'మొగిలికుంటా' అని నేను అరిస్తేనే దిగేవాళ్ళు దిగేది. మొన్న ఒక ముసిలామె నిద్దరపోతా ఉండాది. ఒక్క కేక ఏసినాను. మూట ఎత్తుకోని దిగేసింది. ఆమెకు పుట్టుచెవుడంట."

"చెవిటామెకు ఇనపడిందా?" అన్నాడు మునెయ్య, కాఫీ ఊదుకుంటూ.

"ఇనపడింది గాబట్టే దిగింది. ఇంకో దినం నా కేక పాకాల దాకా పొయ్యింది, ఆడ కూర్చోనుండేవాళ్ళు సామాన్లు నెత్తినెత్తుకున్నారంట. ఇవన్నీ చిల్లర సంగతులు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పోయిన అమాస, పొద్దు గూకతా ఉండాది. గంట కొట్టలేదు. సిగ్నలు చెయ్యి దించలేదు. ఆ చెయ్యి దిగకుండా బండి లోపలికి రాకూడదు గదా, వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు. పట్టాల పక్కన మేకలు మేస్తా ఉండాయి, ఒక్కటీ తల ఎత్తలేదు."

కుప్పుస్వామి చేతిలో చెంబు ఆగిపోయింది.

"డ్రైవరు చెయ్యి చాపి, లైను దాటొచ్చినదానికి గురుతుగా ఇచ్చే టోకెను బిళ్ళ ఇచ్చినాడు. బాయి అడుగున రాయి మాదిరి సల్లగా ఉండాది. ఇంకొకడైతే పరిగెత్తేవాడు. నేను మామూలుగా ఊరి పేరు అరిచినాను. తలుపులు తెరుసుకున్నాయి. రంగూను నించి నడిసొస్తా దోవలో సచ్చిపోయినోళ్ళప్పా, కాళ్ళకు ఆ మట్టి అట్నే ఉండాది. ఒక్కొక్కరూ నా కాడికొచ్చి అడిగేది ఒకటే, 'బోర్డు మీద పేరు లేదే, ఇది మా ఊరేనా?' నూరు మంది, వెయ్యి మంది. అందరి కాడా టికెట్లు నేనే తీసుకున్నాను, ఒక్కణ్ణీ ఊరికే పోనీలేదు. పెట్టె ఎనక పెట్టె వస్తానే ఉండాది. బండి మొత్తం వచ్చేసిందనేదానికి ఆఖరి పెట్టెకు ఎర్రలాంతరు ఉండాల గదా. నేను సూస్తానే ఉండాను. అది రాలేదు. అంటే ఆ బండి ఇంకా అయిపోలేదప్పా. ఇంకా వస్తానే ఉండాది."

అంగడి ముందు చెనిక్కాయలు అమ్ముకునే తాయమ్మ గంప దగ్గర్నించి లేచి వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు రంగూను రేవులో కూలికి పోయాడు. అక్కడ బాంబులు పడినాక అతని దగ్గర్నించి ఉత్తరం లేదు.

"చెంగల్రాయా, ఆ దిగినోళ్ళల్లో మా గురప్ప ఉన్నాడా?"

ఉన్నాడంటే ఆమె కొడుకును చెంగల్రాయుడే చంపినట్టు. లేడంటే, ఇంకా రావాల్సిన పెట్టెల్లో ఎక్కించినట్టు.

"ఆ బండే లేదక్కా," అన్నాడు చెంగల్రాయుడు. "అంతా నేను కోసిన కోతలు. గంగమ్మ మీద ఒట్టు."

తాయమ్మ అతని మొహంలోకి చూసింది.

"సరేలే నాయనా. నిజం బండికి మాత్రం గట్టిగా పిలువు. బోర్డు మీద పేరు కూడా లేదు. నా బిడ్డది మొద్దునిద్దర."

గంట కొట్టారు. సిగ్నలు చెయ్యి దిగింది. సాయంత్రం బండి పొగ చిమ్ముకుంటూ వచ్చి నిలబడింది. చెంగల్రాయుడు ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, లోపలికి తల పెట్టి ఊరి పేరు పిలిచాడు. ఎవరూ దిగలేదు. బండి కదిలింది. ఆఖరి పెట్టెకు ఎర్రలాంతరు వెలుగుతూ ఉంది. తాయమ్మ కూడా దాన్ని చూసింది.

లాంతరు కనుమరుగైనాక కూడా అతను పిలుస్తూనే ఉన్నాడు.